కూర్చోకుండా చూసిన పార్కులు

విజయవాడ రోడ్డు మీదుగా హైదరాబాదు వచ్చే బస్సులు ఎల్బీనగర్‌లో సగం ఖాళీ అవుతాయి. దిగినవాళ్ల కోసం ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు. లేకపోతే ఫోనులో "ఎక్కడున్నవ్, పిల్లర్ నంబర్ చెప్పు" అని అరిచే మనిషైనా ఉంటారు. నేను దిగినప్పుడు నాకు ఇద్దరూ లేరు. అయినా మెట్రో మెట్ల దగ్గర నిలబడి నా పక్కనున్న పిల్లర్ నంబరు ఒకసారి చదివి పెట్టుకున్నాను. ఎవరైనా అడిగితే చెప్పడానికి.

నేను నల్గొండ వైపు ఒక చిన్న మున్సిపాలిటీలో వార్డు ఆఫీసరును. అది నా సొంత ఊరు కాదు. బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాను. ఆఫీసు అయ్యాక ఆ ఊళ్లో ఆడమనిషి ఒక్కతే కూర్చోగలిగిన చోట్లు రెండు: గుడి, బస్టాండు. గుడిలో పుస్తకం తీస్తే ఏదో వ్రతకథ అనుకుని పక్కావిడ పైకి చదవమంటుంది. బస్టాండులో తీస్తే ఏ బస్సు కోసమని అడుగుతారు. అందుకే మా వార్డులో పాత నీళ్ల ట్యాంకు కూలగొట్టిన జాగాలో పార్కు కడతారన్నప్పుడు ప్లాను కాగితాన్ని ఇంటికి తీసుకుపోయి మరీ చూసుకున్నాను. అందులో నాలుగు బెంచీలు గీసి ఉన్నాయి. వాటిలో వేపచెట్టు కిందది నాదని ఎవరికీ చెప్పకుండా అనుకున్నాను.

కమిషనర్ సారు ఆ నాలుగింటినీ ఎర్ర పెన్నుతో కొట్టేశారు. "బెంచీలేస్తే సిట్టింగులైతయ్ అమ్మా. వాకింగ్ ట్రాక్ చాలు మనకు" అన్నారు. జనం కూర్చుంటే ఈయనకేం నష్టమో నాకు అర్థం కాలేదు. అడగడానికి నోరు రాలేదు. నా ముఖం చూసి ఆయనే కొంచెం మెత్తబడి, "పరీక్షకు సిటీకి పోతున్నవ్ గదా. అక్కడ పార్కులెట్ల నడిపిస్తున్నరో చూసిరా. వచ్చినంక బెంచీల సంగతి ఫైనల్ చేద్దాం" అన్నారు.

నేను రాయాల్సింది ఒక డిపార్ట్‌మెంటల్ పరీక్ష. అది ఒక పూటలో అయిపోయింది. దాని గురించి చెప్పేదేమీ లేదు. మిగతా రోజులు పార్కులవి.

చైతన్యపురి

మెయిన్ రోడ్డు పొడుగునా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖాలు. ఆ ముఖాల వెనక సందుల్లో హాస్టళ్లు. నాకు దొరికిన గదిలో మూడు మంచాలు, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే పక్క హాస్టల్ వంటగది గోడ. భోజనంతో కలిపి రోజుకు నాలుగు వందలు. మా ఊళ్లో ఆ డబ్బుకు వారం రోజులు మెస్సులో తినొచ్చు, కానీ ఇక్కడ పప్పులో మిరపకాయ మాత్రం పూర్తిగా ఉచితం.

గదిలో నాతోపాటు ఉన్నది దీప్తి. భీమవరం వైపు అమ్మాయి, బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. వచ్చిన పది నిమిషాల్లో నా పేరు, కులం తప్ప అన్నీ అడిగేసింది. నేను వచ్చిన పని చెబితే నమ్మలేదు.

"పార్కులు చూడ్డానికి హైదరాబాద్ వచ్చారా అక్కా? నేనొచ్చి రెండేళ్లయింది, ఒక్క పార్కులో కాలు పెట్టలేదండి. మాకు వాకింగంటే హాస్టల్ నుంచి కోచింగ్‌కి, కోచింగ్ నుంచి హాస్టల్‌కి."

"పోదాం రా, తోడుగ ఉంటవ్" అనాలనుకున్నాను. ఆ మాట గొంతుదాకా వచ్చేలోపు తను చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకుంది.

కాలనీ పార్కు

ఎల్బీనగర్ దగ్గర ఒక కాలనీలో ఉన్న ఈ పార్కు పేరు చెప్పను. పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరుస్తారు, మధ్యలో తాళం. మొక్కలు, నీళ్లు, జీతాలు అన్నీ కాలనీ సంక్షేమ సంఘమే చూసుకుంటుంది. చుట్టూ టైల్స్ పరిచిన ట్రాకు, మధ్యలో గడ్డి, ఒక మూల నీలం, పసుపు రంగుల వ్యాయామ పరికరాలు. రాలిన ఆకులను ఇటుకల గుంతలో వేసి ఎరువు చేస్తున్నారు. మా ఊళ్లో ఆ ఆకులను కుప్పగా పోసి కాలుస్తాం, పొగకు వార్డంతా దగ్గుతుంది. అది రాసుకున్నాను.

గేటు లోపల ఆకుపచ్చ బోర్డు ఉంది. పూలు కోయరాదు. కుక్కలను తీసుకురారాదు. సిట్టింగ్ చేయరాదు. అతిక్రమించిన వారిపై చర్య తీసుకొనబడును.

నేను ఆ మూడో వాక్యాన్ని రెండుసార్లు చదివాను. సారు అన్నది నిజమే. సిటీలో కూడా కూర్చోనివ్వరన్నమాట.

"వాకింగా మేడం?" అని అడిగాడు గేటు దగ్గర వాచ్‌మన్. పేరు యాదయ్య. మెడలో విజిల్.

"ఆఁ, వాకింగే" అన్నాను. సంచిలో పుస్తకం ఉంది. దాన్ని తీయకుండా నడక మొదలుపెట్టాను.

బెంచీలేమో ఉన్నాయి, సిమెంటువి. వాటి వీపుల మీద పోయినవాళ్ల పేర్లు. కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం, భార్యాపిల్లలు. తండ్రి జ్ఞాపకార్థం, కొడుకులు, కోడళ్లు. ఒకదాని మీద ఒక్క పేరే ఉంది, లక్ష్మీబాయి అని. ఎవరి జ్ఞాపకార్థమో, ఎవరు ఇచ్చారో లేదు. కూర్చోవద్దన్నారు గాని చదవొద్దనలేదు కదా అని ఒక్కో చుట్టులో ఒక్కో బెంచీ చదువుతూ పోయాను. కొందరు మగవాళ్లు వాటి మీద కూర్చుని రాజకీయాలు మాట్లాడుతున్నారు. యాదయ్య వాళ్లను ఏమీ అనలేదు. విజిల్ వేసినప్పుడల్లా నేను ఉలిక్కిపడి ఇంకాస్త వేగంగా నడిచాను. ఆ విజిల్ గడ్డిలో బంతి ఆడే పిల్లలకని తర్వాత తెలిసింది.

కానుగ చెట్టుకు ఆనుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి. పోచంపల్లి చీర, కాళ్లకు కొత్త స్పోర్ట్స్ బూట్లు. పక్కనే ఖాళీ బెంచీ ఉన్నా ఒక కాలి మీద బరువు వేసి, అది నొస్తే రెండో కాలి మీద వేసి నిలబడుతోంది. నాలుగో చుట్టులో ధైర్యం చేసి అడిగాను.

"కాళ్లు నొస్తున్నయా పెద్దమ్మా?"

"నొయ్యకేం జేస్తయ్ బిడ్డా. జర సేపు కూసుందామంటే గా బోర్డు పెట్టిరి."

"అవును, నేను గూడ చూసిన."

ఆవిడ ముఖం వెలిగింది. "నువ్వు గూడ చదివినవా! ఇంతమందిల నేనొక్కదాన్నే చదివిననుకున్న."

"మరి వాళ్లు కూసున్నరు గదా?"

"వాళ్లు ఓనర్లు బిడ్డా. మేం కిరాయికున్నోళ్లం. ఒగలతోని ఒక మాట అనిపిచ్చుకునుడెందుకు. నువ్వు?"

"నేను గూడ కిరాయే పెద్దమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. ఎక్కడున్నా నాది కిరాయే.

ఆవిడ పేరు ఆండాళమ్మ. పోచంపల్లి దగ్గర ఊరు. కూతురు, అల్లుడు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేస్తారు. వాళ్లు పొద్దున పోతే రాత్రికి వస్తారు. పగలంతా టీవీ, సాయంత్రం పార్కు.

"పెండ్లయిన కాడికెళ్లి మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొని కూసున్న. కూసొని కూసొని మోకాళ్లు పోయినయ్. ఇప్పుడు డాక్టరేమో నడువుమంటడు, బోర్డేమో కూసోవద్దంటది. ఇద్దరు ఒకటైన్రు చూడు" అని తనే నవ్వింది.

ఇద్దరం కలిసి ఆవిడ నడకతో రెండు చుట్లు తిరిగాం. చెట్టు దగ్గర ఆగాం. మళ్లీ తిరిగాం. ఊరు వదిలి వచ్చాక అంతసేపు నా పక్కన ఎవరూ నడవలేదు. పోయేటప్పుడు ఆవిడ నా ఫోన్ నంబరు అడగలేదు, నేనూ ఆవిడది అడగలేదు. "ఒస్తవ్ గదా మల్ల" అంది, అంతే.

టికెట్టు పార్కు

మర్నాడు పొద్దున్నే టికెట్టు పెట్టిన ఒక పెద్ద పార్కుకు పోయాను. దారిలో కొత్తపేట రైతుబజార్ దగ్గర దిగి టిఫిన్ తిన్నాను. ప్లేటు ఇడ్లీ నలభై, అల్లం చట్నీ అడిగితేనే వేస్తారు. బండి మీద జామకాయలు కొన్నాను. పక్కన కూరగాయలు ఏరుతున్న ఒకాయన, పండ్ల మార్కెట్ ఇక్కడున్నప్పుడు బత్తాయి వాసనకు నిద్రలేచేవాళ్లమని, అది తరలిపోయాక అలారం పెట్టుకుంటున్నానని చెప్పాడు. నాకు కాదు, జామకాయలమ్మే ఆమెకు. నేను పక్కన నిలబడి విన్నాను.

పార్కు కౌంటర్లో మనిషి తల ఎత్తకుండానే రెండు టికెట్లు చింపి నా ముందు పెట్టాడు. నా వెనక ఇంకొకరు ఉంటారనుకున్నట్టున్నాడు. "ఒక్కటే" అనే మాట చిన్నది. అది నా నోట్లోంచి వచ్చేలోపు వెనకాయన ముందుకు జరిగాడు. రెండింటికీ డబ్బు ఇచ్చేసి లోపలికి పోయాను. గేటు దగ్గర టికెట్లు చూసేవాడు రెండోది చూసి, "ఇంకొకరేరి?" అన్నాడు. "వస్తరు" అన్నాను.

పార్కు చాలా బాగుంది. ఇక్కడ శుద్ధి చేసిన మురుగునీటిని ట్యాంకర్‌తో తెచ్చి చెట్లకు పడుతున్నారు. వాసన రాలేదు. మరుగుదొడ్లకు లోపలి గడియలు ఉన్నాయి, ఇది చదివే ఆడవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది. చక్రాల కుర్చీ పోయేలా వాలు దారి ఉంది. పూలమొక్కల కన్నా నీడనిచ్చే చెట్లు ఎక్కువ నాటారు.

పచ్చికలో హాస్య సంఘంవాళ్లు గుండ్రంగా నిలబడి ఉన్నారు. ఒకాయన చెయ్యి ఎత్తగానే అందరూ ఆకాశం వైపు చూసి పగలబడి నవ్వుతారు, దించగానే ఆపేస్తారు. నవ్వడానికి కారణం అక్కర్లేదు గాని పక్కన మనుషులు ఉండాలి. నేను దూరంగా నిలబడి చూస్తుంటే నాకూ నవ్వొచ్చింది. అప్పటికి ఆయన చెయ్యి దించేశాడు.

ఇక్కడ సిట్టింగ్ బోర్డు లేదు. బెంచీలు బోలెడు. ప్రతి బెంచీ మీదా ఇద్దరేసి ఉన్నారు. నడుమ జాగా ఉన్నచోట మగవాళ్లున్నారు. చివరిదాకా నడిచి, జామకాయలు నిలబడే తిని, రెండో గేటులోంచి బయటికి వచ్చేశాను. రెండో టికెట్ ఇంకా నా దగ్గరే ఉంది, పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకున్నాను.

బడంగ్‌పేట్

ఆ మధ్యాహ్నమే బడంగ్‌పేట్ పోయాను, కొత్త కాలనీల్లో కొత్త పార్కులు ఎలా కడుతున్నారో చూద్దామని. షేర్ ఆటో దిగి ఎండలో చాలా దూరం నడిచాను, చెప్పు తెగింది. పార్కు దొరికింది. చుట్టూ ఇనుప కంచె, లోపల వరుసగా మొక్కలు, ఒక్కోదానికి ఒక కాపలా గూడు. గేటుకు తాళం.

ఎదురుగా మొక్కజొన్న కంకులు కాలుస్తున్న ఆమె నన్ను చూసి, "తాళంచెవి కాలనీ ప్రెసిడెంట్ ఇంట్ల ఉంటది" అంది.

"ఇల్లెక్కడ?"

"ఇల్లు గదే. ప్రెసిడెంటే లేడు. బిడ్డ పురుడుకు పోయిండు, తాళంచెవి జేబుల ఉండిపాయె. వారమాయె, పార్కుకు గూడ పురిటి మైలే అనుకో."

తెగిన చెప్పుకు ఆమే ఒక పిన్నీసు ఇచ్చింది. కంకి ఇరవై రూపాయలు. కంచె బయట నిలబడి తిన్నాను. తాళంచెవి ఒక ఇంట్లో ఉండకూడదు అని రాసుకున్నాను.

మళ్లీ చైతన్యపురి

చివరి రోజు పొద్దున దీప్తి నేలమీద కూర్చుని ఉప్మా తింటూ అడిగింది. "ఏం చూశారక్కా ఇన్ని రోజులు?"

చెప్పాను. నేనూ ఒక పెద్దమ్మా పార్కులో కూర్చోకుండా ఎట్లా తిరిగామో కూడా చెప్పాను. "ఆ కాలనీలో సిట్టింగ్ నిషేధం" అన్నాను.

దీప్తి నోట్లో ఉప్మా అడ్డుపడింది. నీళ్లు తాగి, దగ్గి, కళ్లు తుడుచుకుంది.

"సిట్టింగంటే కూర్చోవడమనుకున్నారా?"

"మరి?"

"మందండీ బాబూ! నలుగురు చేరి సీసా తెరిస్తే దాన్ని సిట్టింగంటారు. మా అన్నయ్య ఫ్రెండ్స్ ప్రతి శనివారం సిట్టింగే. అయ్యో అక్కా, మీరు గవర్నమెంటు ఉద్యోగం ఎలా చేస్తున్నారండీ?"

నేను ఆడపిల్లల గురుకులంలో చదువుకున్నాను. మా నాన్న తాగడు. ఇంగ్లీషు మాటలు నాకు పుస్తకాల్లోంచి వచ్చాయి, మనుషుల్లోంచి కాదు. సారు ఎర్ర పెన్ను ఎందుకు తీశారో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఆ వెంటనే చెట్టుకు ఆనుకుని కాలు మార్చుకుంటున్న ఆండాళమ్మ కళ్లముందు కనబడింది. నా బస్సు రాత్రికి. సాయంత్రం పార్కు తెరిచేసరికి అక్కడ ఉండాలనుకున్నాను.

మళ్లీ కాలనీ పార్కు

యాదయ్య తాళం తీస్తుండగానే చేరాను. అనుమానం పూర్తిగా తీరడానికి ముందు ఆయన్నే అడిగాను.

"గా బోర్డు మందు తాగెటోళ్లకే మేడం" అన్నాడు. "గోడ దునికి ఒస్తరు. పొద్దుగాల సీసలు ఏరి ఏరి నా నడుం పోతుంది."

"మరి బోర్డు పెట్టినంక బంద్ చేసిన్రా?"

"వాళ్లెక్కడ చదువుతరు! బోర్డు కిందనే కూసుంటరు. దీపం గాడ్నే ఉంది గదా."

ఆండాళమ్మ వచ్చింది. ఎదురుపోయి చెప్పాను. ఆవిడ కాసేపు నన్ను, కాసేపు బోర్డును చూసింది. నమ్మలేదు.

"మందని రాయొచ్చు గదా మరి. రాసినోళ్లకు తెలుగు రాదా?"

"సిగ్గుపడి రాయలేదేమో పెద్దమ్మా."

"వాళ్లు సిగ్గుపడితే నా మోకాళ్లు పోవాల్నా? ఎండకాలం కాడికెళ్లి నిలవడుతున్న గదనే!"

యాదయ్య తల గోక్కున్నాడు. "నన్నడగొచ్చు గదమ్మా" అన్నాడు.

"నీ మెడల విజిల్ చూస్తే అడగబుద్ధయితదా?" అంది ఆవిడ.

చేయి పట్టుకుని పేరొక్కటే ఉన్న బెంచీ దగ్గరికి తీసుకుపోయాను. ఆవిడ కూర్చోకుండా, "ఇది ఎవరిది?" అని అడిగింది. వీపు మీది పేరు చదివి చెప్పాను. లక్ష్మీబాయి.

"ఆడమనిషేనా? అయితే ఏమనుకోదులే" అని, బెంచీ అంచు మీద, ఏదో ఆఫీసులో పిలుపు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. సిమెంటు ఎండకు ఇంకా వెచ్చగా ఉంది. కొంచెం కొంచెంగా ఆవిడ వెనక్కి జరిగింది. బూట్లు నేల మీంచి లేచాయి. సరిగ్గా అప్పుడే యాదయ్య విజిల్ మోగింది. ఇద్దరం ఒక్కసారిగా లేచి నిలబడ్డాం. ఆయన బంతి పిల్లల వెంట పరుగెత్తుతుంటే మేం మళ్లీ కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. చెయ్యి ఎత్తేవాడు ఎవడూ అక్కర్లేకపోయింది.

చీకటి పడేదాకా కూర్చున్నాం. ఆవిడ చిటికి కట్టడం గురించి చెప్పింది, నూలు నేయకముందే ఎక్కడ ముడి వేస్తే ఎక్కడ రంగు ఆగుతుందో. నేను చదువుతున్న కథ ఆవిడకు చెప్పాను. సగంలో యాదయ్య తాళం పట్టుకుని వచ్చాడు.

"మిగిలింది రేపు చెప్పు" అంది ఆండాళమ్మ.

"రేపు ఉండను పెద్దమ్మా. ఇయ్యాలే బస్సు."

ఆవిడ బూట్ల లేసు సర్దుకుంటూ చాలాసేపు వంగే ఉంది. "అట్లనా" అంది చివరికి. "నేనొక్కదాన్నే కూసోవాల్నా మరి."

తిరిగి వచ్చాక

కమిషనర్ సారుకు ఆకుల ఎరువు, ట్యాంకర్ నీళ్లు, గడియలున్న మరుగుదొడ్లు, ప్రెసిడెంటు జేబులో తాళంచెవి అన్నీ చెప్పాను. ఆయన అన్నింటికీ తల ఊపారు. "బెంచీలు?" అన్నారు.

నేను మామూలుగా అయితే "మీ ఇష్టం సార్" అంటాను. ఆ మాట వచ్చింది కూడా. మింగేశాను.

"సిట్టింగంటే నాకు తెల్వకుండె సార్" అన్నాను. "బోర్డు చదివి నేను నాలుగు రోజులు కూసోలేదు. అక్కడ ఒక పెద్దమ్మ ఎండకాలం నుంచి కూసోలేదు. తాగెటోళ్లు మాత్రం బోర్డు కిందనే కూసుంటున్నరు. బెంచీలు తీసేస్తే వాళ్లు నేల మీద కూసుంటరు సార్. మాలాంటోళ్లమే నిలవడుతం."

సారు ముందు నవ్వారు. తర్వాత నవ్వలేదు. ప్లాను ముందుకు జరుపుకుని, కొట్టేసిన నాలుగింటిలో రెండింటి పక్కన టిక్కు పెట్టారు. "రెండు. రోడ్డుకు కనవడేటట్లు వేయిద్దాం, లైటు కింద. సిట్టింగులైతే నీదే జిమ్మేదారి. బోర్డు గూడ నువ్వే రాయి."

వేపచెట్టు కిందది రాలేదు. లైటు కిందది వచ్చింది.

పార్కు పని అయిపోవచ్చాక బోర్డు మీదికి ఇట్లా రాసిచ్చాను: మద్యం తాగరాదు. ఎవరైనా కూర్చోవచ్చు. పెయింటర్ రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. "గిట్ల గూడ రాస్తరా మేడం? కూసోవచ్చని రాయాల్నా?" అన్నాడు. రాయాలన్నాను. మిగిలిన రంగుతో బెంచీలకు కూడా ఒక చెయ్యి వేయమన్నాను.

ఆ సాయంత్రం ఆఫీసు అయ్యాక పుస్తకం తీసుకుని పోయాను. బోర్డు అక్షరాలు మెరుస్తున్నాయి. బెంచీ కూడా మెరుస్తోంది. పెయింటర్ కుంచెలు కడుక్కుంటూ నన్ను చూసి చేతులు ఊపాడు.

"కూసోకుండ్రి మేడం! పచ్చిగున్నది. రేపు కూసుందురు."

బెంచీ పక్కన నిలబడ్డాను. ఒక కాలి మీద బరువు వేసి, అది నొస్తే రెండో కాలి మీద వేసుకుని, రెండో టికెట్ ఉన్న పేజీ తెరిచాను. ఆండాళమ్మకు చెప్పకుండా వచ్చిన సగం అక్కడి నుంచే మొదలవుతుంది.